సరుకు పూర్తిగా రాకముందే స్లాబు మొదలుపెట్టొచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఊళ్లో ఎవరికీ గుత్తకివ్వకుండా దగ్గరుండి ఇల్లు కట్టించుకుంటున్నారు. గోడలు లింటెల్ (తలుపులు, కిటికీల పైన వచ్చే దూలం) ఎత్తుకు వచ్చాయి. ఇసుక రెండుసార్లు చెప్పిన రోజుకు రాలేదు. ద్వారబంధాలు ఇంకా వడ్రంగి దగ్గరే ఉన్నాయి. ఈ వారం స్లాబు పని మొదలుపెట్టకపోతే తన సామాను ఇంకో సైటుకు పోతుందని, స్లాబు కింద పలకలు, జాకీలు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ తొందరపెడుతున్నాడు. సిమెంటు మాత్రం ముందే దింపించుకున్నారు, రెండు నెలలు దాటింది. ఉన్న సరుకుతో స్లాబు మొదలుపెట్టి, మిగిలింది వస్తూ ఉండగా పూర్తిచేయొచ్చా అని, సరుకు ఇచ్చేవాళ్లతో వ్యవహారం ఎలా అని అడిగారు.

వద్దు. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకండి. సరుకు ఆలస్యం కావడం వల్ల ఇల్లు పాడవదు. ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి మధ్యలో చేసే సర్దుబాట్ల వల్లే పాడవుతుంది. నేను ఇన్నేళ్లుగా పల్లెల్లో కట్టిన ఇళ్లలో చూసిన పగుళ్లు, ఉరుపులు చాలావరకు అలా వచ్చినవే. సగం పోసి ఆపిన స్లాబు, సిమెంటు సరిపోక పలచన చేసిన మాలు, అవతల సైటుకు కావాలని ముందే పీకేసిన జాకీలు (స్లాబును కింద నుంచి మోసే ఊతాలు).

ఇంటి పనిలో ఆగితే ఏమీ కాని చోట్లు ఉన్నాయి, అస్సలు ఆగకూడని చోట్లు ఉన్నాయి. ప్లింత్ బీము (పునాది మీద, గోడల కింద వచ్చే దూలం) పోసి, లోపల మట్టి నింపి దిమ్మిస కొట్టాక ఎన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. లింటెల్ బీము పోసి నీళ్లు పట్టాక కూడా అంతే. స్లాబు పడి, క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) పూర్తయ్యాక నెలలు ఆగినా ఇంటికి నష్టం లేదు. ఆగకూడనివి వేరు: తవ్వి తెరిచి ఉంచిన పునాది గుంట, అడ్డగోడ లేకుండా పొడుగ్గా లేచిన ఒంటి గోడ, మధ్యలో ఉన్న స్లాబు. కాబట్టి ఒక దశకు కావలసిన సరుకంతా సైటు మీద కళ్లకు కనిపించేదాకా ఆ దశ మొదలుపెట్టకూడదు. బయల్దేరింది, దారిలో ఉంది, రేపు పొద్దున్నే వచ్చేస్తుంది అన్న మాటలు లెక్కలోకి రావు. పల్లెల్లో చివరి రెండు మైళ్ల దారే అసలు సమస్య. వాన పడి బాట బురదైతే లోడు లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. నాట్లు, కోతల సమయంలో అక్కడి నుంచి మోయడానికి ట్రాక్టరూ దొరకదు, మనుషులూ దొరకరు.

ముందు మీ స్లాబుకు ఎంత కావాలో కాగితం మీద చూసుకోండి. మీ ప్లాను నా దగ్గర లేదు కాబట్టి ఒక ఉదాహరణ చెప్తాను. 1000 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం అనుకుందాం. కాంక్రీటు సుమారు 417 ఘనపు అడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే 50 కిలోల సిమెంటు బస్తాలు దాదాపు 95, ఇసుక 175 ఘనపు అడుగులు, కంకర 350 ఘనపు అడుగులు. బీములు ఇందులో లేవు, వాటికి విడిగా లెక్క వేయాలి. పైన ఓ పది బస్తాలు, కొంత ఇసుక, కంకర అదనంగా పెట్టుకోండి. స్లాబు రోజున మిగిలితే ప్లాస్టరింగుకో మెట్లకో పనికొస్తాయి. తగ్గితే మాత్రం తెచ్చే దారి ఉండదు.

ఇసుక దగ్గర చాలామంది మోసపోతారు. తేమ ఉన్న ఇసుక ఉబ్బుతుంది. 5 శాతం దాకా తేమ ఉంటే పరిమాణం పావు వంతు వరకూ పెరుగుతుంది. అంటే లెక్క ప్రకారం 175 ఘనపు అడుగులు చాలని, సరిగ్గా అంత తడి ఇసుక తెప్పించుకుంటే నిజానికి మీకు వచ్చింది 140 మాత్రమే. స్లాబు మూడొంతులు పడ్డాక ఇసుక కుప్ప కరిగిపోయి అందరూ ముఖాలు చూసుకోవడానికి కారణం తరచూ ఇదే. దీన్ని సైటులోనే చూసుకోవచ్చు. నిటారు అంచులున్న డబ్బాలో వచ్చిన ఇసుకను అదమకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోయండి. దాన్ని పక్కకు తీసి, అదే డబ్బాలో సగం నీళ్లు పోసి, ఇసుకను మళ్లీ అందులో వేసి బాగా కలపండి. పూర్తిగా తడిసిన ఇసుక ఉబ్బు పోయి కిందికి దిగుతుంది. అది 16 సెంటీమీటర్ల దగ్గర ఆగితే ఉబ్బు 25 శాతం అన్నమాట. ఆ మేరకు ఎక్కువ తెప్పించండి. కలిపేటప్పుడు కూడా ఇసుక గమేళాలు ఆ మేరకు పెంచమని మేస్త్రీకి చెప్పండి, లేకపోతే పాళ్లు తప్పుతాయి.

ఇప్పుడు నిల్వ సంగతి. ఇసుక, కంకర, ఇటుక ముందే తెచ్చి పెట్టుకోదగ్గవి. వానకు కొట్టుకుపోకుండా చుట్టూ రెండు వరసల ఇటుక పేర్చి, మట్టి కలవకుండా కింద చదును చేసుకుంటే నెలలు ఉంటాయి. ఇనుము కూడా ఉంటుంది, నేల మీద కాకుండా చెక్కదుంగల మీద పేర్చి పైన టార్పాలిన్ కప్పితే చాలు. సిమెంటు అలా కాదు. గాలిలో తేమ తగిలితే బస్తాలోనే గట్టిపడటం మొదలవుతుంది. సరిగ్గా నిల్వ చేసినా మూడు నెలలకు బలం ఐదో వంతు దాకా తగ్గొచ్చు. అందుకే ఇసుక దొరికినప్పుడు పట్టుకోండి, సిమెంటు పనికి ముందు తెప్పించుకోండి. చాలామంది సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. సిమెంటు కొట్లో సులువుగా దొరుకుతుంది కాబట్టి ముందు అదే దింపించి, ఇసుక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ద్వారబంధాల కోసం మిగిలిన గోడ పని ఆపనవసరం లేదు. వడ్రంగి చెప్పిన బయటి కొలతకు పాత చెక్కతోనో ఇనుప యాంగిల్‌తోనో ఒక డమ్మీ ఫ్రేము చేయించండి. నిటారుగా ఉందో లేదో తూకం చూసి నిలబెట్టి, దాని చుట్టూ గోడ కట్టుకుపోండి. హోల్డ్‌ఫాస్ట్‌లు (బంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) వచ్చే చోట ఇటుక వదిలి గూళ్లు ఉంచితే, అసలు బంధం వచ్చాక అందులో కూర్చోబెట్టి కాంక్రీటుతో నింపొచ్చు. కిటికీలకూ ఇదే పద్ధతి. వడ్రంగిని తొందరపెట్టి పచ్చి కలప బంధాలు తెచ్చుకోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. ఆరని కలప గోడలో కూర్చున్నాక కుంచించుకుపోయి గోడకీ బంధానికీ మధ్య సందు తెరుచుకుంటుంది, తలుపు పట్టేస్తుంది. కలప బాగా ఆరిందో లేదో చూసుకోవడానికి మీకు దొరికిన గడువు అనుకోండి దీన్ని.

ఇలా కొన్ని వస్తువులను పని వరస చూసి కాదు, అవి చేతికి రావడానికి పట్టే కాలం చూసి ఆర్డరు పెట్టాలి. తలుపులు, కిటికీలు, గ్రిల్స్, కరెంటు కనెక్షను దరఖాస్తు, టైల్స్, మీరు కావాలనుకున్న ఒక ప్రత్యేకమైన రంగు రాయి. ఇవన్నీ గోడలు లేస్తున్నప్పుడే చెప్పాల్సినవి. టైల్స్ విషయంలో ఇంకో జాగ్రత్త: ఒకే షేడు, ఒకే బ్యాచ్ నంబరు ఉన్న పెట్టెలు మొత్తం ఒకేసారి తీసుకోండి, నూటికి ఓ పది అదనంగా. తర్వాత అదే పేరుతో తెచ్చినా రంగు కలవదు.

స్లాబుకు సంబంధించి మీరు మొదట చూడాల్సింది చిన్న సామాను. పెద్దవన్నీ వచ్చి బైండింగ్ వైరు లేక రాడ్ బెండింగ్ వాళ్లు ఒక రోజంతా కూర్చోవడం పల్లెల్లో మామూలు. కవర్ బ్లాకులు (ఊచల కింద పెట్టే చిన్న దిమ్మెలు), మేకులు, ఫ్యాను హుక్కు బాక్సులు, కరెంటు వైర్లు పోయే కాండ్యూట్ పైపులు, వాటి బెండ్లు, బాత్రూము దగ్గర స్లాబులో దిగే పైపుల స్లీవులు, కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరుకు డీజిలు, స్పేరు సూది. ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టుకుని ముందు రోజు సాయంత్రం ఎలక్ట్రీషియన్‌నీ ప్లంబర్‌నీ పక్కన పెట్టుకుని సరిచూడండి. కొట్టు దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం. మీకు మాత్రం ఒక ఎల్బో లేకపోతే సగం రోజు పోతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా స్లాబు మధ్యలో సరుకు అయిపోవచ్చు, కాంక్రీటు కలిపే మిల్లరు చెడిపోవచ్చు, వాన ముంచెత్తొచ్చు. అప్పుడు ఎక్కడ ఆపాలో ముందే ఇంజినీరుతో గుర్తు పెట్టించుకోండి. గోడ మీదకో బీము మీదకో వచ్చాక ఆపితే మంచిదని మేస్త్రీలు అంటుంటారు. అది తప్పు. స్లాబును అడ్డంగా కోసేలా పనిచేసే కోత బలం ఎక్కువగా ఉండేది ఆధారాల, అంటే గోడల, బీముల పక్కనే. ఆపాల్సింది రెండు ఆధారాల మధ్య దూరంలో నడిమి మూడో భాగంలో. అక్కడ నిటారుగా పలక అడ్డుపెట్టి, ఊచలను దాని గుండా అలాగే సాగనిచ్చి, పలక దాకా కాంక్రీటు నిండుగా పోసి వైబ్రేటరు వేయాలి. వాలుగా, తోక సాగదీసినట్టు వదిలేయకూడదు. ఆ పలచటి అంచు ఎండి పొడైపోతుంది, తర్వాత పోసింది దానికి అంటదు. మళ్లీ మొదలుపెట్టే ముందు పలక తీసి, పైన తేలిన పాలలాంటి పొరను వైరు బ్రష్‌తో గీకి కంకర కనిపించేలా చేయాలి. నీళ్లతో కడిగి తడిపి, చిక్కటి సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే కొత్త కాంక్రీటు పడాలి. నేను చూసిన ఒక ఇంట్లో సరిగ్గా బీము అంచున వాలుగా ఆపి, మర్నాడు దాని మీదే పోసేశారు. ఆ గీత పొడవునా ప్రతి వానకీ చెమ్మ దిగుతూనే ఉంది. పైన ఎన్ని పూతలు పూసినా ఆగలేదు.

కలిపిన మాలు ఆగిపోయి బిగుస్తుంటే నీళ్లు పోసి మళ్లీ కలపనివ్వకండి. నీళ్లు పెరిగిన కొద్దీ బలం పడిపోతుంది. పారేయడం బాధే, అయినా పారేయండి, లేదా వాకిట్లో గుంటలు పూడ్చడానికి వాడుకోండి. అలాగే చివరి పది బస్తాలు తగ్గాయని మిగిలిన భాగంలో సిమెంటు వాటా తగ్గించి సర్దడం ఉంటుందే, దాన్ని మాత్రం అస్సలు ఒప్పుకోకండి. పై నుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు. ఆ గదిలో పడుకునేది మీ పిల్లలు.

సెంట్రింగ్ మేస్త్రీ ఒత్తిడి గురించి. అతని వైపు నుంచి చూస్తే అతను చెప్పేదీ న్యాయమే, జాకీలు, పలకలు తిరుగుతుంటేనే అతనికి కూడు. కానీ సరుకు రాకముందే సెంట్రింగు కట్టించుకుంటే రెండు నష్టాలు. ఒకటి, వాడని సామానుకు అద్దె కడతారు. రెండోది పెద్దది: చివర్లో ఆ రోజుల్ని కలుపుకోవడానికి అతను జాకీలు ముందే తీయాలని చూస్తాడు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో, వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబుకు కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆ పైన 21. బూడిద కలిసిన పీపీసీ వాడితే బలం మెల్లగా వస్తుంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగాలి. కాబట్టి అతనితో ఇలా మాట్లాడండి: సరుకు చేరిన రోజు కబురు చేస్తాను, అప్పటిదాకా సామాను నీకు కావలసిన చోట వాడుకో, కానీ ఒకసారి నా దగ్గర కట్టాక ఇన్ని రోజులు కదపను అని ఇప్పుడే మాట ఇవ్వు. ఆ రోజుల్ని కాగితం మీద రాసుకోండి. పనిమంతుడైతే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే ఇంకొకర్ని వెతుక్కోవడమే మంచిది.

కావలసిన సైజు ఊచలు దొరక్క ఉన్నవాటితో సర్దేయమని సలహాలు వస్తాయి. సర్దొచ్చు, కానీ లెక్కతో, ఇంజినీరు సంతకంతో. 10 మిల్లీమీటర్ల ఊచలు 150 మిల్లీమీటర్ల దూరంలో వేయమని డ్రాయింగులో ఉందనుకోండి, మీటరు వెడల్పుకు ఇనుము 523 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. 8 మిల్లీమీటర్ల ఊచలతో అంతే రావాలంటే 95 మిల్లీమీటర్లకు ఒకటి వేయాలి. 'కొంచెం దగ్గరగా' అని మేస్త్రీ కంటి అంచనాతో 125కు వేస్తే మీకు వచ్చేది 402 మాత్రమే, అంటే దాదాపు నాలుగో వంతు ఇనుము లేనట్టే. వచ్చిన ఊచల బరువూ చూసుకోండి. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 12 మీటర్ల పొడవున్న 10 మిల్లీమీటర్ల ఊచ 7.4 కిలోలు తూగాలి. ఇసుక మార్చడం ఇంత చిక్కు కాదు. నది ఇసుక దొరక్కపోతే రాతి నుంచి తయారుచేసిన ఎంశాండ్ వాడొచ్చు, కానీ క్రషర్ దగ్గర మిగిలే రాతి పొడిని ఎంశాండ్ పేరుతో అంటగడితే తీసుకోకండి. పిడికిట్లో నలిపితే అరచేతికి మెత్తగా పొడి అంటుకునేది వద్దు.

సరుకు ఇచ్చేవాళ్లతో వ్యవహారం ఎలా అన్నారు. మొత్తం అడ్వాన్సు ఎప్పుడూ ఇవ్వకండి. ప్రతి లోడుకూ కొంత ముందు, దిగాక మిగిలింది. వస్తువు, సైజు, ఎంత, ఏ రోజు, ఎక్కడ దించాలి అనేది ఫోన్లో చెప్పినా మళ్లీ మెసేజీలో పెట్టండి. ముందు రోజు సాయంత్రం ఒకసారి, బండి బయల్దేరాక డ్రైవరుకు నేరుగా ఒకసారి ఫోను చేయండి. ఇసుకకు మాత్రం ఇద్దరితో మాట్లాడి ఉంచుకోండి, ఎందుకంటే నదిలో నీళ్లొస్తే ఒక రేవు మూసుకుపోతుంది. వానలకు ముందే కావలసినంత దింపించుకోవడం అన్నిటికన్నా మంచిది. దించే చోటు మీరే నిలబడి చూపించండి. దూరంగా పోసిపోతే ఆ కుప్పను మళ్లీ మోయించడానికి కూలి రెండుసార్లు కడతారు.

ఎదురుచూసే రోజుల్లో మేస్త్రీని, కూలీలను ఊరికే కూర్చోబెట్టకండి, అలాగని వదులుకోకండి. స్లాబు ఊచలను డ్రాయింగు ప్రకారం కోసి వంచి కట్టలు కట్టించండి. సెప్టిక్ ట్యాంకు గుంట, నీళ్ల సంపు, గదుల్లో మట్టి నింపి తడిపి దిమ్మిస కొట్టడం, గోడలకు నీళ్లు, ఇవన్నీ ఇసుక రాకున్నా జరిగే పనులు. రేపు పని లేకపోతే ఈ రోజు సాయంత్రమే చెప్పేయండి. పొద్దున్నే వచ్చాక వెనక్కి పంపితే వాళ్లు మిమ్మల్ని నమ్మరు, ఇసుక వచ్చిన రోజున రారు. ఒంటి గోడ ఎక్కడైనా ఎత్తుగా లేచి ఉంటే దానికి అడ్డగోడ కలిపించేయండి, ఈదురుగాలికి పడిపోయేవి అవే. పిల్లర్ల మీద లేచి ఉన్న ఊచలకు సిమెంటు పాలు పూసి పాలిథీన్ చుట్టండి. తిరిగి పని మొదలయ్యేటప్పుడు ఆ పూతను బ్రష్‌తో దులిపేయాలి. పలచటి ఎర్రటి తుప్పు వల్ల భయం లేదు, పొరలుగా ఊడివచ్చే తుప్పయితే గీకించండి.

ఇక మీ దగ్గరున్న సిమెంటు. ముందు అది ఎలా ఉందో చూడండి: నేలకు అరడుగు ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాలకు మించని వరసల్లో, పైన టార్పాలిన్ కప్పి ఉండాలి. లేకపోతే ఈ రోజే సర్దించండి. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటుంది. మీరు దింపించుకున్న రోజు నుంచి కాదు, ఆ తేదీ నుంచి లెక్కపెట్టండి. కొట్లో ఎన్నాళ్లు ఉందో మీకు తెలియదు కదా. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా స్లాబుకు వాడకండి. ఒక్కో బస్తా మూల విప్పి చేయి లోపలికి పెట్టండి, చల్లగా తగలాలి. గడ్డలుంటే వేళ్ల మధ్య నలపండి. పొడైపోతే ఒత్తిడికి గట్టిపడినట్టు, ఇబ్బంది లేదు. రాయిలా నలగకపోతే తేమ తగిలినట్టు, ఆ బస్తాను పక్కన పెట్టండి. బాగున్నవాటిని ముందు గోడ కట్టుబడికి, సెప్టిక్ ట్యాంకు గోడలకు, వాకిటి అరుగులకు వాడేయండి. స్లాబుకు మాత్రం ఇసుక, కంకర, ఇనుము మొత్తం చేరాక, సెంట్రింగు కడుతున్నప్పుడు కొత్త సిమెంటు తెప్పించుకోండి. మీ ప్లాను కొలతలు, బీముల సైజులు పెడితే ఎన్ని బస్తాలో నేను లెక్క వేసి చెప్తాను.